కోనసముద్రం ఉక్కు నుండి తుప్పుపట్టని కత్తి వరకు: ఒక లోహవిద్యా చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగునేలపై మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు మధ్యయుగాల్లో పర్షియా వరకు ప్రయాణించి, పేరుపొందిన కత్తులకు ముడిసరుకైంది. అదే ఉక్కు 18వ శతాబ్ది చివర లండన్ ప్రయోగశాలలకు చేరి, మిశ్రలోహపు ఉక్కులపై జరిగిన తొలి క్రమబద్ధ పరిశోధనకు ప్రేరణ అయింది. ఆ పరిశోధనల క్రమం 1913లో షెఫీల్డ్ నగరంలో తుప్పుపట్టని కత్తి ఉక్కు రూపొందడం వరకు సాగింది. ఈ వ్యాసం ఆ ప్రయాణాన్ని పదచరిత్ర, తయారీ విధానం, లోహ గుణధర్మాలు అనే మూడు కోణాల నుండి పరిశీలిస్తుంది. ప్రాచీన ఉక్కు తుప్పుపట్టనిదన్న ప్రచారంలోని దోషాన్ని, ఆధునిక ఉక్కు చరిత్రలో దక్కన్ కమ్మరి స్థానాన్ని విస్మరించడంలోని దోషాన్ని ఏకకాలంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉక్కు, మూస, కోనసముద్రం, వాదర, కర్బనం, క్రోమియం, తుప్పుపట్టని ఉక్కు, కమ్మరి.

1. ఉపోద్ఘాతం:

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని లింగాల మండలం అరటి, చీనీ తోటలకు ప్రసిద్ధి. అరటి గెల కోసే కత్తికి గంటలోపే నల్లని కర పడుతుంది. అరటి పసరులోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లని సమ్మేళనంగా మారడమే దీనికి కారణం. చీనీకాయ కోసిన కత్తిని కడగకుండా వదిలితే, పండు పులుపు వల్ల మరునాటికి తుప్పుచుక్కలు కనిపిస్తాయి. అదే ఇంట్లో వంటగదిలోని స్టీలు చాకుకు ఈ బాధ లేదు. కాని పదును విషయానికి వచ్చేసరికి రైతు చేయి కమ్మరి కొలిమిలో సాగిన కొడవలి వైపే పోతుంది. పాత లారీల స్ప్రింగుపట్టీని కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, నీటిలో ముంచి పదునుపెట్టిన ఆ పనిముట్టు సానరాయిమీద నాలుగుసార్లు లాగితే మళ్ళీ తెగుతుంది.

ఒకే ఇంట్లో పక్కపక్కన ఉండే ఈ రెండు కత్తుల మధ్య రెండు వందల సంవత్సరాలకు పైబడిన పరిశోధన చరిత్ర ఉంది. కత్తికి పదును నిలవాలంటే లోహంలో కర్బనం ఉండాలి. తుప్పు పట్టకుండా ఉండాలంటే క్రోమియం ఉండాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి హరించుకునే స్వభావం కలవి. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించే క్రమంలో తెలుగు ప్రాంతపు ఉక్కు నిర్వహించిన పాత్రను నిర్ధారించడం ఈ వ్యాస లక్ష్యం.

2. 'ఉక్కు' - పదచర్చ:

ద్రావిడ భాషల్లో ఉక్కును తెలిపే పదాలు సజాతీయాలు. తమిళంలో 'ఉరుకు' అంటే కరగు, 'ఉరుక్కు' అంటే కరిగించినది, ఉక్కు. కన్నడంలో 'ఉర్కు', 'ఉక్కు' రూపాలున్నాయి. తెలుగులో 'ఉక్కు' నిలిచింది. ఈ పదం వెనుక ఉన్న భావం గమనించదగినది. సాధారణ ఇనుమును ప్రాచీన కొలిమిలో పూర్తిగా కరిగించేవారు కాదు. చిట్టెంతో కలిసిన ముద్దగా తీసి, కొట్టి శుద్ధిచేసేవారు. ఉక్కు మాత్రం మూసలో ద్రవంగా మారి గడ్డకట్టిన లోహం. అంటే తయారీ విధానమే పేరైంది.

తెలుగులో ఈ పదానికి బలము, పౌరుషము అనే అర్థాలు కూడా స్థిరపడ్డాయి. 'ఉక్కడగు' అనే క్రియలో లోహార్థం వెనక్కు తగ్గి గర్వం, సత్తువ అనే అర్థం ముందుకు వచ్చింది. 1820లో కడపలో ఉద్యోగంలో చేరి తెలుగు అధ్యయనానికి పూనుకున్న సి.పి. బ్రౌన్ 1852 నాటికి వెలువరించిన నిఘంటువు మొదలుకొని తరువాతి నిఘంటువుల వరకు ఈ రెండు అర్థాలనూ చూడవచ్చు.

ఈ పదమే ఐరోపా భాషల్లోకి 'వూట్జ్' అనే వికృతరూపంలో ప్రవేశించిందని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. కన్నడ, తెలుగు ప్రాంతాల ఉచ్చారణను లిప్యంతరీకరించడంలో జరిగిన పొరపాటు స్థిరపడి శాస్త్రపరిభాష అయింది.

నేటి తెలుగు వాడుకలో మరొక విశేషం ఉంది. 'స్టీలు గిన్నె', 'స్టీలు చాకు' అన్నప్పుడు తెలుగువారు ఉద్దేశించేది తుప్పుపట్టని ఉక్కునే. 'ఉక్కు' అన్నది కర్మాగారాలకు, పట్టాలకు, గుండెనిబ్బరానికి పరిమితమైంది. ఇంగ్లీషులో 'స్టీల్' అన్ని ఉక్కులకూ వర్తించే పదం కాగా, తెలుగులో అది ఒక ప్రత్యేక లోహానికి పేరయింది. దేశిపదం 'వూట్జ్'గా బయటికి వెళ్ళింది. అన్యదేశ్యం 'స్టీలు'గా వంటింట్లోకి వచ్చింది. ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళ మధ్యకాలపు చరిత్రే తరువాతి విభాగాల విషయం.

3. కోనసముద్రం - మూస ఉక్కు తయారీ:

3.1 వాయిసీ నివేదిక:
తెలంగాణలోని నిజామాబాద్ జిల్లాకు చెందిన కోనసముద్రం ఉక్కు తయారీకి ప్రపంచ ప్రసిద్ధి పొందిన గ్రామం. కర్నల్ లాంబ్టన్ నాయకత్వంలోని మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ గ్రామపు కొలుములను స్వయంగా చూసి నివేదిక రాశాడు. ఆయన 1824లో మరణించగా, ఆ నివేదిక 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆయన వర్ణన ప్రకారం ఇక్కడి కమ్మరులు వేర్వేరు చోట్ల తయారైన రెండు రకాల ఇనుమును నిర్ణీత పాళ్ళలో కలిపి మూసలో పెట్టేవారు. మూస మూతిని మట్టితో మూసి, తిత్తులతో గాలి ఊదుతూ సుమారు 24 గంటలపాటు వేడిని నిలిపేవారు. లోహం పూర్తిగా కరిగిన తరువాత నెమ్మదిగా చల్లార్చేవారు. అలా వచ్చిన ఉక్కుబిళ్ళ అతి కఠినంగా, పెళుసుగా ఉండేది. దానిపై మట్టిపూత పెట్టి మళ్ళీ కాల్చి, అవసరమైతే ఆ పనిని పలుమార్లు చేసి, సమ్మెట దెబ్బకు ఆగే స్థితికి తెచ్చేవారు.

3.2 రెండు పద్ధతులు:
దక్షిణ భారతదేశంలో మూస ఉక్కుకు రెండు ప్రధాన పద్ధతులుండేవి. మైసూరు, సేలం ప్రాంతాల్లో మెత్తని ఇనుప ముక్కలతోపాటు మొక్కల పదార్థాన్ని మూసలో ఉంచేవారు. 1839లో జోసయా మార్షల్ హీత్ రాసిన వ్యాసంలో తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు ప్రస్తావితమయ్యాయి. మూసలో అవి బొగ్గై, ఆ కర్బనం ఇనుములోకి చేరి ఉక్కు ఏర్పడుతుంది. కోనసముద్రంలో అనుసరించిన దక్కన్ పద్ధతి వేరు. అక్కడ కర్బనం ఎక్కువగా ఉన్న ఇనుమును, తక్కువగా ఉన్న ఇనుమును కలిపి కరిగించి, మధ్యస్థమైన పాళ్ళు సాధించేవారు.

ఇది నైపుణ్యం దృష్ట్యా ఎంతో కీలకమైన విషయం. కర్బనాన్ని కొలిచే సాధనం లేని కాలంలో, ముడిసరుకు వన్నె, విరుపు, మోత, బరువు ఆధారంగా మిశ్రమాన్ని నిర్ణయించగలిగిన అనుభవజ్ఞానం అది. మూసల విషయంలోనూ ఇదే నైపుణ్యం కనిపిస్తుంది. కోనసముద్రం మూసల శకలాలను పరిశోధించిన థెల్మా లో, మట్టిలో వడ్లపొట్టు ఎక్కువ పాళ్ళలో కలపడాన్ని గుర్తించారు. వేడికి పొట్టు మాడి మిగిలిన కర్బనం, సిలికా కలిసి మూస గోడకు తీవ్రమైన వేడిని తట్టుకునే శక్తినిచ్చాయి. వరిపొలం వ్యర్థం లోహవిద్యకు సాధనమైంది.

ఉత్తర తెలంగాణలోని చిట్టెపు దిబ్బలు, మూసల శకలాలపై వరంగల్‌కు చెందిన ఎస్. జైకిషన్ విస్తృతంగా పనిచేశారు. 2010 ప్రాంతంలో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ సంయుక్తంగా క్షేత్ర పర్యటనలు జరిపాయి. ఉక్కు తయారీ ఒకటి రెండు గ్రామాలకు పరిమితం కాదని, ప్రాంతమంతటా విస్తరించిన వృత్తివ్యవస్థ అని ఈ పరిశోధనలవల్ల స్పష్టమైంది.

3.3 వర్తకమార్గాలు:
ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాన్ బాప్తిస్త్ టావెర్నియే 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో పలుమార్లు పర్యటించాడు. పర్షియాలో నీటిరేఖలవంటి చారలు తేలే కత్తులకు పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుండి వస్తుందని ఆయన నమోదు చేశాడు. ఈ టావెర్నియేకే కడప ప్రాంతంతోనూ సంబంధం ఉంది. 1652లో ఆయన జమ్మలమడుగు సమీపంలోని గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. ఆ కోటలో క్లోద్ మాయే అనే ఫ్రెంచి నిపుణుడు ఆలయాల నుండి తెచ్చిన లోహవిగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోయడానికి చేసిన ప్రయత్నాన్ని కూడా వర్ణించాడు. ఒకే రాజ్యంలో ఒకే శతాబ్దిలో ఒకవైపు దేశీయ కమ్మరి ఉక్కు పర్షియాకు ఎగుమతి అవుతుండగా, మరొకవైపు ఫిరంగి పోతకు విదేశీ నిపుణుణ్ణి నియమించుకున్నారన్నమాట. లోహవిద్య ఏ ఒక్క జాతి సొత్తూ కాదనడానికి, ఆయా శాఖల్లో ఆయా ప్రాంతాలు ముందున్నాయనడానికి ఇది నిదర్శనం.

గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నం ఈ వర్తకానికి సముద్రద్వారం. వాయిసీ కాలానికి కూడా ఇస్ఫహాన్ నుండి వచ్చిన పర్షియన్ వర్తకుడు కోనసముద్రంలో ఉండి ఉక్కును ఎంపికచేసి కొనేవాడని ఆయన నివేదికవల్ల తెలుస్తున్నది. ఇక్కడి ఉక్కు బిళ్ళలుగా వెళ్ళేది. కత్తి రూపం పొందింది పర్షియాలో. ఐరోపావారు దాన్ని డమాస్కస్ పేరుతో ఎరిగారు. సరుకు ప్రయాణించినకొద్దీ పుట్టినచోటు పేరు మరుగునపడింది.

4. చారల రహస్యం, తుప్పు స్వభావం:

కోనసముద్రం తరహా ఉక్కులో కర్బనం సాధారణంగా 1 నుండి 2 శాతం మధ్య ఉంటుంది. ఇంత కర్బనం ఇనుములో పూర్తిగా ఇమడదు. మిగిలిన భాగం ఇనుముతో కలిసి 'సిమెంటైట్' అనే అతికఠినమైన కణాలుగా ఏర్పడుతుంది. తగిన వేడిలో నిదానంగా సాగగొట్టినప్పుడు ఈ కణాలు వరుసలు కడతాయి. ఆ వరుసలే కత్తి పైభాగాన అలలవలె కనిపించే చారలు. 1998లో వెర్హోవెన్, పెండ్రే, డౌక్ష్ ప్రచురించిన పరిశోధన ఈ వరుసలు ఏర్పడడానికి ముడిఖనిజంలోని వెనేడియం వంటి మూలకాల లేశమాత్రపు ఉనికి కారణమని ప్రతిపాదించింది. ఆ ఖనిజం దొరకకపోవడం చారల కత్తుల కళ అంతరించడానికి ఒక కారణం కావచ్చునని వారి ఊహ.

ఈ చారలు సానపట్టిన వెంటనే కనిపించవు. కత్తి ఉపరితలాన్ని ఆమ్లస్వభావం గల ద్రావణంతో తుడిచినప్పుడు మెత్తని భాగం కొద్దిగా హరించి నల్లబడుతుంది. కఠిన కణాలు చెక్కుచెదరక తెల్లగా మిగులుతాయి. లోహం తినబడడం వల్లనే చారలు బయటపడుతున్నాయి. కాబట్టి ఈ కత్తుల సౌందర్యానికి ఆధారమే తుప్పుకు లోబడే స్వభావం. తుప్పుపట్టని లోహమైతే ఆ చారలు అంత సులభంగా తేలేవి కావు. ఆ కత్తులను నూనెపూతతో కాపాడుకోవలసి రావడానికి కారణం ఇదే.

5. లండన్ ప్రయోగశాలలు - ఒక ఫలవంతమైన పొరపాటు:

5.1 పియర్సన్ నుండి స్టోడార్ట్ వరకు:
బొంబాయిలో ఉన్న వైద్యుడు హెలెనస్ స్కాట్ 1794లో లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఈ ఉక్కు నమూనాలు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి రాసిన వ్యాసం శీర్షికలో ఇది బొంబాయిలో తయారయ్యే ఉక్కు అని పేర్కొన్నాడు. బొంబాయి నమూనాలను పంపిన రేవు మాత్రమే. ఐరోపా శాస్త్రగ్రంథాల్లో ఈ ఉక్కు తొలిసారి అడుగుపెట్టినప్పుడే పేరు వికృతమైంది, ఊరు తారుమారైంది, చేసినవాడి ప్రస్తావన లోపించింది.

లండన్‌లో శస్త్రచికిత్స పరికరాలు, మంగలికత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కును స్వయంగా వాడి చూశాడు. ఏళ్ళ తరబడి పోల్చి చూసిన మీదట ఐరోపాలోని మేలైన ఉక్కుకన్న దీన్నే ఎంచుకున్నట్లు తన వ్యాపారపత్రంపై ప్రకటించుకున్నాడు. పదును విషయంలో అత్యంత కఠినుడైన పరీక్షకుడు వైద్యపరికరాల తయారీదారు. అతని తీర్పు దక్కన్ ఉక్కుకు దక్కిన గట్టి యోగ్యతాపత్రం.

5.2 ఫారడే విశ్లేషణ:
కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును రసాయనికంగా విశ్లేషించాడు. ఇందులో అల్యూమినియం, సిలికా అంశలు ఉన్నాయని, ఆ కారణంగానే దీనికి ప్రత్యేక గుణాలు వచ్చాయని భావించాడు. తరువాతి విశ్లేషణలు దీన్ని బలపరచలేదు. అసలు కారణం కర్బనమని 1823 నాటికి పారిస్‌లో బ్రెయాన్ నిరూపించాడు. అయితే ఫారడే పొరపాటు గొప్ప ఫలితమిచ్చింది. భారతీయ ఉక్కులో వేరొక లోహం కలవడం వల్లనే మేలిమి వచ్చిందైతే, ఉక్కులో వేర్వేరు లోహాలను కలిపి చూడవచ్చునన్న ఆలోచన దాని నుండి బలపడింది. స్టోడార్ట్, ఫారడే కలిసి వెండి, ప్లాటినం, రోడియం, నికెలు, క్రోమియం వంటి లోహాలతో మిశ్రమాలు చేసి 1820, 1822 సంవత్సరాల్లో ఫలితాలు ప్రకటించారు. 1823లో స్టోడార్ట్ మరణించడంతో ఆ కృషి మందగించింది.

ఒక శతాబ్దం తరువాత షెఫీల్డ్ లోహశాస్త్రవేత్త రాబర్ట్ హాడ్‌ఫీల్డ్, ఫారడే పెట్టెలో భద్రంగా మిగిలిన 79 నమూనాలను పరీక్షించి 1931లో గ్రంథం వెలువరించాడు. మిశ్రలోహపు ఉక్కులపై క్రమబద్ధ పరిశోధనకు ఫారడే ఆద్యుడని నిర్ధారించాడు. ఆ పరిశోధనకు ప్రస్థానబిందువు దక్కన్ ఉక్కుబిళ్ళ అన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

5.3 హీత్ అనుభవం:
దక్షిణ భారతంలో పోర్టోనోవో ఇనుప కర్మాగారాన్ని నడిపిన హీత్, ఇంగ్లండుకు తిరిగివెళ్ళి 1839లో మాంగనీసు సమ్మేళనాన్ని మూస ఉక్కులో కలిపే పద్ధతికి హక్కుపత్రం పొందాడు. షెఫీల్డ్ కత్తుల పరిశ్రమకు అది ఎంతో మేలుచేసింది. దక్షిణ భారతపు ఇనుముతో ఏళ్ళ తరబడి మెలగిన వ్యక్తి ద్వారా షెఫీల్డ్‌కు చేరిన మరొక లంకె ఇది.

6. షెఫీల్డ్ - తుప్పుపట్టని కత్తి:

6.1 తొమ్మిది దశాబ్దాల జాప్యం:
స్టోడార్ట్, ఫారడేల ప్రయోగాల ప్రేరణతో 1821లో ఫ్రాన్సుకు చెందిన పియెర్ బెర్తియే ఇనుము, క్రోమియం మిశ్రమాలను తయారుచేసి, అవి ఆమ్లాలను తట్టుకుంటాయని గమనించాడు. క్రోమియం ఉక్కు కత్తుల తయారీకి అనుకూలమని సూచించాడు. అయినా తుప్పుపట్టని కత్తి రావడానికి మరో తొమ్మిది దశాబ్దాలు పట్టింది.

ఇందుకు రెండు కారణాలు ప్రధానం. మొదటిది, అప్పటి పద్ధతుల్లో లభించే క్రోమియంలో కర్బనం విపరీతంగా కలిసి ఉండేది. క్రోమియం పాళ్ళు పెంచితే కర్బనమూ పెరిగి లోహం పెళుసయ్యేది. 1890వ దశకంలో జర్మనీకి చెందిన హన్స్ గోల్డ్‌ష్మిట్ అల్యూమినియం పొడి సాయంతో కర్బనరహిత క్రోమియం తయారుచేయడంతో ఈ అడ్డంకి తొలగింది. ఫారడే ఉక్కులో ఉందని పొరపడిన అల్యూమినియం, చివరికి వేరొక దారిలో తుప్పుపట్టని ఉక్కుకు తోడ్పడడం చరిత్రలోని విచిత్ర సంఘటన. రెండవది, పరీక్షా పద్ధతి. 1892లో హాడ్‌ఫీల్డ్ క్రోమియం ఉక్కును గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పరీక్షించి, క్రోమియం తుప్పునిరోధాన్ని తగ్గిస్తుందని తేల్చాడు. గాలి, నీరు, పండ్లరసం అతని పరీక్షలో లేవు. పరీక్ష ఎంపికలోని లోపం సరైన దిశను కొన్నేళ్ళపాటు మూసివేసింది. 1911లో ఫిలిప్ మొనార్ట్జ్ క్రోమియం పాళ్ళకు, తుప్పునిరోధానికి గల సంబంధాన్ని స్పష్టంగా వివరించాడు.

6.2 బ్రియర్లీ, స్టువర్ట్:
1913 ఆగస్టులో షెఫీల్డ్‌లోని బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలలో హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం గల ఉక్కును తయారుచేశాడు. ఆయన అన్వేషించింది తుపాకి గొట్టాలు అరగకుండా నిలిచే ఉక్కు. సూక్ష్మదర్శిని పరీక్షకోసం ఆమ్లంతో తుడిచినప్పుడు ఈ ఉక్కు చలించకపోవడం ఆయన దృష్టిని ఆకర్షించింది. కత్తులకు దీన్ని వాడవచ్చునన్న ఆయన సూచనను మొదట కత్తుల తయారీదారులు తోసిపుచ్చారు. సాధారణ ఉక్కుకు అలవాటైన వేడిలో సాగగొడితే అది లొంగలేదు, పదునూ రాలేదు. తెగని కత్తులు కనిపెట్టినవాడని బ్రియర్లీని పరిహసించారు. మోజ్లీ కర్మాగారపు నిర్వాహకుడు ఎర్నెస్ట్ స్టువర్ట్ పట్టుదలతో తగిన వేడిని కనుగొని కత్తులు చేశాడు. వెనిగర్‌లో ముంచి పరీక్షించి, మరకపడనిదన్న అర్థంలో 'స్టెయిన్‌లెస్' అనే పేరు పెట్టింది అతనే.

ఈ ఉదంతంలో కోనసముద్రం అనుభవం ప్రతిధ్వనిస్తుంది. ప్రయోగశాల లోహాన్ని ఇవ్వగలదు. దాన్ని కత్తిగా మార్చేది ఏ రంగుకు ఎర్రబడాలో, ఎప్పుడు ముంచాలో ఎరిగిన చేయి.

7. కత్తి ఉక్కు గుణధర్మాలు - కర్బన, క్రోమియంల వైరుధ్యం:

ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతం దాటినప్పుడు, గాలిలోని ఆమ్లజనితో కలిసి ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందంగల పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి అల్లుకుంటుంది. తుప్పుపట్టకపోవడానికి కారణం ఈ పొరే. అయితే కర్బనం క్రోమియంను తనవైపు లాక్కొని కఠినమైన కార్బైడు కణాలుగా మారుస్తుంది. వీటిలో ముఖ్యమైన ఒక రకంలో 6 కర్బన పరమాణువులకు 23 క్రోమియం పరమాణువులుంటాయి. బరువు లెక్కలో ఒక పాలు కర్బనం సుమారు 16.6 పాళ్ళ క్రోమియంను బంధిస్తుంది.

ఈ లెక్కను బ్రియర్లీ ఉక్కుకు అన్వయిస్తే విషయం తేటపడుతుంది. 0.24 శాతం కర్బనం మొత్తం కార్బైడుగా మారితే దాదాపు 4 శాతం క్రోమియం బందీ అవుతుంది. మిగిలేది 8.8 శాతం, అంటే కావలసిన హద్దుకన్న తక్కువ. దీన్ని బాగా కాల్చి వేగంగా చల్లార్చితే కార్బైడులు కరిగి క్రోమియం లోహమంతటా పరచుకుంటుంది. కాబట్టి ఈ ఉక్కుకు పదునుపెట్టే క్రియే తుప్పునిరోధాన్నీ ఇస్తుంది. తొలినాళ్ళలో సరైన వేడి తెలియక చేసిన కత్తులు తెగకపోవడమే కాక మరకలూ పడడంలో ఆశ్చర్యం లేదు.

ఇదే లెక్కను 1.5 శాతం కర్బనంగల దక్కన్ ఉక్కుకు అన్వయిస్తే, ఆ కర్బనమంతా కార్బైడుగా మారడానికే దాదాపు 25 శాతం క్రోమియం కావాలి. కోనసముద్రం పదునును, షెఫీల్డ్ నిగారింపును ఒకే కత్తిలో కలపడం ఎంత కష్టమో దీనివల్ల బోధపడుతుంది. ఆధునిక కత్తి ఉక్కులన్నీ ఈ రెండు కొసల మధ్య చేసుకున్న ఒడంబడికలే. సాధారణ వంటింటి కత్తులకు వాడే 420 రకంలో క్రోమియం 12 నుండి 14 శాతం, కర్బనం తక్కువ. ఇది తుప్పును బాగా ఓర్చుకుంటుంది, పదును త్వరగా కోల్పోతుంది. 440సి రకంలో కర్బనం 0.95 నుండి 1.20 శాతం, క్రోమియం 16 నుండి 18 శాతం. దీని పదును చాలాకాలం నిలుస్తుంది. కాని పెద్ద కార్బైడు కణాల వల్ల సానపట్టడానికి శ్రమ ఎక్కువ.

భోజనపు కంచాలు, గిన్నెలకు ఎక్కువగా వాడే 304 రకం వేరు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. అయస్కాంతం 304 కంచానికి దాదాపు అంటదు, కత్తికి మాత్రం అంటుతుంది. 'స్టీలు' అనే ఒకే పేరు కింద తెలుగువారు వాడే లోహాలలోని ఈ భేదాన్ని ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు.

8. రెండు అపోహలు:

ప్రాచీన భారతీయ ఉక్కు తుప్పుపట్టనిదనే వాక్యం జనరంజక రచనల్లో తరచుగా కనిపిస్తుంది. పై విశ్లేషణ ప్రకారం దక్కన్ మూస ఉక్కుకు ఇది వర్తించదు. ఢిల్లీ ఇనుపస్తంభాన్ని ఇందుకు ఉదాహరించడం మరొక గందరగోళం. అది మెత్తని ఇనుము, మూస ఉక్కు కాదు. అందులోని భాస్వరం ఉపరితలంపై రక్షకపొర ఏర్పడడానికి తోడ్పడిందని ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధనలు తెలిపాయి. పర్షియాలోని చాహక్‌లో 11, 12 శతాబ్దాల మూస ఉక్కులో సుమారు 1 శాతం క్రోమియం ఉన్నట్లు 2020లో రహీల్ అలీపూర్ బృందం ప్రకటించింది. క్రోమియం చేర్పు అంత ప్రాచీనమన్నది విలువైన విషయమే. కాని ఆ పరిమాణం తుప్పును ఆపడానికి చాలదు.

రెండవ అపోహ దీనికి వ్యతిరేక దిశలోనిది. తుప్పుపట్టని ఉక్కు చరిత్రను 1913 షెఫీల్డ్‌తో ప్రారంభించి, అంతకుముందున్నదంతా చేతివృత్తిగా పక్కనపెట్టడం అది. స్టోడార్ట్, ఫారడేల ప్రయోగాలకు ప్రేరణ ఏమిటన్న ప్రశ్నకు ఆ చరిత్రలో సమాధానం దొరకదు. వర్తకుల పేర్లు, పరీక్షకుల పేర్లు, పత్రికల పేర్లు నిలిచిన చోట మూస పట్టిన కమ్మరి పేరు దాదాపు కనిపించదు. దొరికే ఆధారాలు చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసలు, ఒక పదం మాత్రమే. 1856 తరువాత బెసెమర్ పద్ధతిలో చౌకగా తయారైన ఉక్కు దిగుమతి, బొగ్గుకు కావలసిన అడవి అందుబాటులో లేకపోవడం, 1878 ఆయుధాల చట్టం తరువాత బ్రిటిష్ ఇండియాలో కత్తుల గిరాకీ తగ్గడం వంటి కారణాలతో ఆ వృత్తి క్షీణించింది. కమ్మరి ముడిలోహం తయారుచేసే స్థితి నుండి, కొన్న ఇనుముకు రూపమిచ్చే స్థితికి మారాడు. లారీ స్ప్రింగుపట్టీని కొడవలిగా మలిచే నేటి గ్రామకమ్మరి ఆ మార్పుకు వారసుడు.

మొదటి అపోహ లేని గొప్పను ఆపాదిస్తుంది, రెండవది ఉన్న గొప్పను తొలగిస్తుంది. 2014 పునర్విభజన చట్టంలో కడప ఉక్కు కర్మాగార సాధ్యాసాధ్యాల పరిశీలన చోటుచేసుకున్న నాటి నుండి 'ఉక్కు' ఈ ప్రాంతంలో నిత్యం వినిపించే మాట. ఆ మాటకు చారిత్రక ఆధారం కావాలనుకునేవారు అతిశయోక్తిని ఆశ్రయించనవసరం లేదు. నిర్ధారితమైన చరిత్రే తగినంత ఉంది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. 'ఉక్కు' అనే పదం కరిగించి తయారుచేసే విధానాన్ని సూచిస్తుంది. దాని వికృతరూపమే ఐరోపా శాస్త్రపరిభాషలో 'వూట్జ్' అయింది.
2. కోనసముద్రం కమ్మరులు రెండు రకాల ఇనుమును కలిపి కర్బనం పాళ్ళను నియంత్రించారు. వడ్లపొట్టు కలిపిన మూసల తయారీ ఆ విద్యలో అంతర్భాగం.
3. దక్కన్ ఉక్కు తుప్పుపట్టనిది కాదు. చారల సౌందర్యమే దాని తుప్పు స్వభావంపై ఆధారపడింది.
4. దక్కన్ ఉక్కు రహస్యాన్ని ఛేదించే యత్నంలో ఫారడే చేసిన పొరపాటు మిశ్రలోహపు ఉక్కుల పరిశోధనకు దారితీసింది. బెర్తియే ద్వారా అది క్రోమియం ఉక్కు వరకు చేరింది. లోహం వేరైనా, ప్రశ్న పుట్టింది దక్కన్ ఉక్కుబిళ్ళ నుండే.
5. కత్తి ఉక్కులో కర్బన, క్రోమియంల వైరుధ్యాన్ని పరిష్కరించేది వేడిని నియంత్రించే నైపుణ్యం. కోనసముద్రంలోనూ షెఫీల్డ్‌లోనూ అది చేతిపనివాడి జ్ఞానమే.

లింగాల తోటలో కరపట్టిన కొడవలి, వంటింట్లో మెరిసే చాకు ఒకే ప్రశ్నకు లభించిన రెండు సమాధానాలు. పదును నిలిచే కత్తి మరక పడుతుంది, మరకపడని కత్తి పదును తొందరగా కోల్పోతుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించే ప్రయత్నం నేటికీ కొనసాగుతున్నది. ఆ ప్రయత్న చరిత్రను బోధించేటప్పుడు షెఫీల్డ్ పక్కన కోనసముద్రం పేరు కూడా పాఠంలో చేరడం సముచితం.